పాటలో లేని దెబ్బ

మధ్యాహ్నం ఒంటి గంటా నాలుగు నిమిషాలు. అక్క ఫోన్‌కు మెసేజ్ వచ్చింది.

"షూటింగ్ నచ్చలేదు. వెళ్ళిపోతున్నాను. నా కోసం వెతకొద్దు."

నంబర్ చెల్లెలిదే. అక్క వెంటనే ఫోన్ చేసింది. స్విచాఫ్.

అక్క నర్సు. కంగారు పడకుండా ఉండడమే ఆమె ఉద్యోగం. ఆ నిమిషంలో ఆ ఉద్యోగం ఆమెకు గుర్తు రాలేదు. యూనిఫారంతోనే దొరికిన బండి ఎక్కి షూటింగ్ జరిగే చోటుకు వచ్చింది.

ఊరి చివర మూతబడిన కోల్డ్ స్టోరేజ్ అది. మీడియా కాలేజీ విద్యార్థులు రెండు రోజులకు అద్దెకు తీసుకున్నారు. ఒక బ్యాండ్‌కు మ్యూజిక్ వీడియో, ప్రోమో, పోస్టర్లు చేసిపెట్టడం వాళ్ళ చివరి ఏడాది ప్రాజెక్టు. చెల్లెలు సౌండ్ చూసుకుంటుంది. చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుందని అందరూ ఆమెను చెవులపిల్లి అంటారు.

సౌండ్ టేబుల్ మీద చెవులపిల్లి బ్యాగు ఉంది. బ్యాగులో ఆమె ఇన్‌హేలర్ ఉంది.

అక్క దాన్ని చేతిలోకి తీసుకుంది. ఒంటి గంటా నలభై ఎనిమిదికి పోలీసులకు ఫోన్ చేసింది.

రెండూ పదికి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. యాభైకి దగ్గరపడిన మనిషి. మాట తక్కువ. వెనకాలే నోట్‌బుక్‌తో కానిస్టేబుల్.

అతను మెసేజ్ చదివి పెదవి విరిచాడు. "కాలేజీ పిల్ల అలిగి వెళ్ళిపోతే మేమేం చేస్తామమ్మా? సాయంత్రానికి ఆకలేసి అదే వస్తుంది."

అక్క ఇన్‌హేలర్ చూపించింది.

"ఇది లేకుండా అది బాత్రూంకి కూడా వెళ్ళదండీ. చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. కాస్త దుమ్ము తగిలితే చాలు. అమ్మ పోయాక నేనే పెంచాను దాన్ని. అలిగితే అన్నం మానేస్తుంది గానీ, దీన్ని వదలదు."

ఇన్‌స్పెక్టర్ దాన్ని అందుకుని ఊపింది. లోపల గలగలమంది. బ్యాగులో ఇంకా తాళంచెవులు, చిల్లర డబ్బులు, గాజులు. జేబులో ఉండేవి, చేతికి ఉండేవి అన్నీ తీసి పెట్టి వెళ్ళింది.

"దూరం వెళ్ళే మనిషి తాళంచెవి వదిలి వెళ్ళదు" అంది ఇన్‌స్పెక్టర్. "అటాక్ వస్తే మందు లేకుండా ఎంతసేపు ఆగుతుంది?"

"గంట. రెండు గంటలు. ఆ తర్వాత..."

అక్క ఆపేసింది. నర్సు కావడం వల్ల ఆ తర్వాతేమిటో ఆమెకు మరీ బాగా తెలుసు.

కానిస్టేబుల్ ఇక మాట్లాడకుండా వెతకడానికి వెళ్ళాడు. ఆఫీసు గది, మెషిన్ గది, బాత్రూంలు, మేడ, ఖాళీగా ఉన్న రెండు చల్లగదులు. పన్నెండు నిమిషాల్లో తిరిగొచ్చి తల అడ్డంగా ఊపాడు.

షూటింగ్ వాళ్ళలో హాల్లో ముగ్గురే మిగిలారు. మిగతా బ్యాండూ కెమెరా వాళ్ళూ ఒంటిగంటకే వెళ్ళిపోయారు. నేలకు తెల్ల రంగు వేశారు. వెనక గోడ నిండా పన్నెండు అడుగుల ఎత్తున పోస్టర్, దాని మీద బ్యాండ్ సభ్యుల నాలుగు బొమ్మలు. ఆ పోస్టర్‌కు ఆనించినంత దగ్గరగా డ్రమ్స్.

ఇన్‌స్పెక్టర్ ముందు డైరెక్టర్‌ను పిలిచింది. విద్యార్థే. మెడలో షాట్ చూసుకునే వ్యూఫైండర్ వేలాడుతోంది. లైట్లు ఆర్పేసి గంట దాటినా చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది.

"ఆ అమ్మాయిని చివరిసారి ఎప్పుడు చూశావు?"

"తొమ్మిదిన్నరకి మేడం. రోడ్డు మీద ట్రాఫిక్ సౌండ్ రికార్డ్ చేసుకొస్తానని వెళ్ళింది."

"మళ్ళీ రాలేదా?"

"వచ్చే ఉంటుంది. షూటింగ్ హడావిడిలో నేను చూసుకోలేదు."

"సౌండ్ చూసే మనిషి లేకుండా పాట షూటింగ్ ఎలా చేశారు?"

"ప్లేబ్యాకే కదా మేడం. పాట ముందే రికార్డయింది. నేనే వేశాను."

"మరి వెతకలేదేం?"

"దానికి ముక్కు మీదే కోపం. మెసేజ్ కూడా పెట్టిందిగా."

తర్వాత ఆర్ట్ విద్యార్థి. మోచేతుల దాకా ఎండిన జిగురు. పోస్టర్లకు మైదాపిండి ఉడకబెట్టేది అతనే కాబట్టి అతని పేరే మైదా అయిపోయింది.

"పోస్టర్ ఎప్పుడు అంటించావు?"

"తొమ్మిదీ నలభై ఐదుకి మొదలుపెట్టి పదీ నలభైకి పూర్తి చేశాను మేడం. ఇరవై నాలుగు షీట్లు. ఒక్కణ్ణే." ఆ భయంలో కూడా గొంతులో కొంచెం గర్వం తొణికింది.

"అప్పుడు ఆ అమ్మాయి కనిపించిందా?"

"లేదండీ. పొద్దున నాకు టీ తెచ్చిచ్చింది. అంతే." చెబుతూనే ఏడ్చేశాడు.

డ్రమ్మర్ వీళ్ళకంటే పదేళ్ళు పెద్ద. డ్రమ్స్ విప్పి పెట్టెల్లో సర్దుకుంటున్నాడు. అడగకముందే అందుకున్నాడు.

"నాకు ఆ అమ్మాయి మీద కోపం వచ్చిన మాట నిజమే. దాచను."

"ఎందుకు?"

"ప్లేబ్యాక్ సరిగ్గా సెట్ చేయకుండా పోయింది. పాటలో లేని దెబ్బ ఒకటి వినిపిస్తూనే ఉంది. దబ్, దబ్ అని. లయ లేదు, పాడు లేదు. నా చెయ్యి తప్పిపోతోంది. ఎకో కొడుతోంది చూడమని చెప్పాను."

"ఎవరికి?"

"డైరెక్టర్‌కే. ఆ అమ్మాయి ఫోన్‌లో పాట పెట్టి నడిపింది తనే కదా."

"ఆ అమ్మాయి ఫోనా?"

"అవును. పాట అందులోనే ఉంది. చివరి టేక్ దాకా డైరెక్టర్ చేతిలోనే ఉంది."

"ఎకో అంటే ఏం చేశాడు?"

"వాల్యూమ్ పెంచాడు."

కానిస్టేబుల్ రాయడం ఆపి తలెత్తాడు. ఇన్‌స్పెక్టర్ గొంతు మాత్రం మారలేదు.

"ఎన్ని టేకులు?"

"ఏడు. పదకొండుకి మొదలు, పన్నెండూ ముప్పావుకి అయింది."

"ఏడింటిలోనూ వినిపించిందా?"

"నాలుగో టేక్ దాకా. ఐదు నుంచి లేదు. హమ్మయ్య, బాగుచేశాడనుకున్నాను."

"ఎటువైపు నుంచి వినిపించింది?"

డ్రమ్మర్ తన స్టూల్ మీద కూర్చున్నాడు. వెనక్కి తిరక్కుండానే బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపించాడు. చూపించాక అతనికే ఏదో తట్టినట్టుంది. చెయ్యి అలాగే ఉండిపోయింది.

అతని వెనక పోస్టర్ తప్ప ఏమీ లేదు.

"అంబులెన్స్ పిలు" అంది ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌తో. తర్వాత డైరెక్టర్ వైపు తిరిగింది. "దాని వెనక ఏముంది?"

"గోడ మేడం."

జవాబు మరీ తొందరగా వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ పోస్టర్ దగ్గరకు నడిచింది. ఆమె నాన్న బతుకంతా గోడలకు పోస్టర్లు అంటించాడు. బడి లేని రోజుల్లో ఆమె జిగురు బకెట్ మోసుకుని వెంట తిరిగింది. ఆ సంగతి స్టేషన్‌లో ఎవరికీ తెలియదు.

అరచెయ్యి కాగితానికి ఆనించి పక్కకు జరుపుతూ పోయింది. గాయకుడి భుజం. పొడిగా ఉంది. చెవి. పొడి. మెడ. పొడి. గిటార్ మనిషి ఛాతీ దగ్గర అరచెయ్యి చల్లగా తగిలింది.

తడి.

పైకి జరిపింది. తడి. కిందికి జరిపింది. మోకాళ్ళ దాకా, ఇంకా కిందికి, నేల దాకా తడే. పక్కకు జరిపితే గీత గీసినట్టు ఒకచోట ఆగిపోయి మళ్ళీ పొడి మొదలైంది. మనిషి ఎత్తుకు కొంచెం పైగా, రెండు మూరల వెడల్పున తడి.

అక్క పోస్టర్ దగ్గరకు వచ్చి నిలబడింది.

"సున్నం గోడ నీళ్ళు పీల్చేస్తుంది. నాలుగు గంటల్లో జిగురు అట్టకట్టేస్తుంది" అంది ఇన్‌స్పెక్టర్. "రేకు పీల్చదు. మైదా, ఇక్కడ గోడ లేదు. ఏముంది?"

మైదా డైరెక్టర్ వైపు చూశాడు.

"తలుపు మేడం. ఇంకో చల్లగది. బయటి పిడి తిప్పితేనే తెరుచుకుంటుంది. పిడి బొమ్మ మీద బొడిపెలా కనిపిస్తుందని డైరెక్టర్ ఊడదీయమన్నాడు. ఊడదీసి పైన అంటించేశాను. లోపల ఎవరూ లేరన్నాడు. నేను చూళ్ళేదు మేడం, నేను చూళ్ళేదు..."

అతను మాట పూర్తి చేసేలోపే అక్క పోస్టర్ మీద పడింది. గోళ్ళతో చింపింది. తడి కాగితం ముద్దలు ముద్దలుగా ఊడి వచ్చింది. కింద బూడిదరంగు రేకు, దాని మధ్యలో పిడి ఉండాల్సిన చోట చదరపు రంధ్రం.

"పిడి ఏది?"

"డైరెక్టర్‌కి ఇచ్చాను."

డైరెక్టర్ కదల్లేదు. కానిస్టేబుల్ అతని బ్యాగు బోర్లించాడు. ఇనప పిడి ఠంగుమని పడింది. దానితోపాటు ఒక ఫోన్ కూడా. చెల్లెలి ఫోన్.

తలుపు తెరుచుకునేసరికి రెండూ నలభై ఒకటి. బూజు కంపు గుప్పున కొట్టింది. చెవులపిల్లి గడప దగ్గరే పడి ఉంది. చెంప తలుపు సందుకు ఆనించి ఉంది. హెడ్‌ఫోన్స్ మెడలో, రికార్డర్ ఒళ్ళో. పెదవులు నల్లబడ్డాయి.

అక్క మోకాళ్ళ మీద కూలబడి మెడ దగ్గర రెండు వేళ్ళు పెట్టింది.

"ఉంది" అంది. "నాడి ఉంది. పీల్చవే తల్లీ, పీల్చు."

అంబులెన్స్ వెళ్ళిపోయాక ఇన్‌స్పెక్టర్ ముగ్గురినీ హాల్లో కూర్చోబెట్టింది. రికార్డర్ నొక్కింది. ఉదయం తొమ్మిదీ ముప్పై రెండు. చెవులపిల్లి గొంతు, నెమ్మదిగా.

"చల్లగది. నిశ్శబ్దం. పాట ముందుకి డైరెక్టర్ అడిగిన పది సెకన్లు. టేక్ ఒకటి."

"పాట మొదలయ్యే ముందు పది సెకన్ల నిశ్శబ్దం కావాలన్నావు" అంది ఇన్‌స్పెక్టర్. "అసలైన నిశ్శబ్దం. అందుకని ఈ గదిలోకి పంపావు. చప్పుడు చేస్తాయని ఆ పిల్ల గాజులు తీసింది, తాళంచెవులు తీసింది, ఊపితే గలగలమనే ఇన్‌హేలర్ కూడా తీసింది. పది నిమిషాలే కదా అనుకుంది."

డైరెక్టర్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"మర్చిపోయాను మేడం. ఒట్టు. పిడి తీయమన్నప్పుడు నాకు గుర్తే లేదు. డ్రమ్స్ చెక్ జరుగుతోంది, ఏమీ వినపడలేదు. ప్లేబ్యాక్ ఎవరు వేస్తారని అడిగినప్పుడు గుర్తొచ్చింది."

"అప్పుడు తీయొచ్చుగా."

"ఉన్నది ఒక్కటే పోస్టర్. బ్యాండ్ ఒంటిగంటకి వెళ్ళిపోతుంది. చింపితే వీడియో లేదు. ఒక్క టేక్ అయ్యాక తీద్దామనుకున్నాను. ప్రతిసారీ ఏదో ఒక తప్పు వచ్చింది."

"ఉబ్బసం ఉందని తెలుసా?"

"తెలుసు."

"ఒంటిగంటకి అందరూ వెళ్ళిపోయారు. అప్పుడైనా?"

"అప్పటికి చప్పుడు ఆగిపోయి గంట అయింది మేడం. తలుపు తీస్తే ఏం కనిపిస్తుందోనని... భయమేసింది."

"భయమేసి మెసేజ్ పెట్టావు."

మైదా గోడ వైపు తిరిగి వాంతి చేసుకున్నాడు. డ్రమ్మర్ తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ దెబ్బ మీద నాలుగు టేకులు తను విసుక్కున్నాడు.

ఇన్‌స్పెక్టర్‌కు మాత్రం ఒకటి మింగుడుపడలేదు. ప్రాణం మీదకు వచ్చిన మనిషి ఓపిక తగ్గేకొద్దీ మెల్లగా కొడుతుంది. ఉన్నట్టుండి మానేయదు.

"నాలుగో టేక్ తర్వాత ఏం జరిగింది?"

"ఏమీ లేదు" అన్నాడు డైరెక్టర్.

"పది నిమిషాలు టీ బ్రేక్" అన్నాడు డ్రమ్మర్. "అందరం బయటికి వెళ్ళాం. తను మాత్రం లైట్ చూసుకోవాలని ఉండిపోయాడు."

డైరెక్టర్ నేల చూపులు చూశాడు. ఎంత అడిగినా ఆ పది నిమిషాల గురించి నోరు విప్పలేదు.

సాయంత్రం ఆరుంబావుకు డాక్టర్ అయిదు నిమిషాలు మాట్లాడనిచ్చాడు. చెవులపిల్లి ముఖం మీద ఆక్సిజన్ మాస్క్. పక్కన అక్క, చెల్లెలి అరచెయ్యి వదలకుండా.

"ఎందుకు కొట్టడం ఆపేశావమ్మా?" అని అడిగింది ఇన్‌స్పెక్టర్.

ఆమె మాస్క్ కొంచెం పక్కకు జరిపింది.

"పాట వినిపించినప్పుడల్లా, మనుషులున్నారని కొట్టాను మేడం, నాలుగుసార్లు అయ్యేదాకా. తర్వాత బయట్నుంచి ఎవరో కొట్టారు. మూడుసార్లు, మెల్లగా. నేను మూడు కొట్టాను. మళ్ళీ మూడు కొట్టారు. విన్నార్లే, తీస్తారు అనుకున్నాను. ఊపిరి దాచుకుందామని ఆపేసి కూర్చున్నాను."

అక్క చెయ్యి బిగుసుకుంది. ఇన్‌స్పెక్టర్ తల ఎత్తకుండా రాసుకుంది.

"అలా కొట్టిందెవరో కనుక్కుంటారా?" అంది చెవులపిల్లి. "ఆ ధైర్యంతోనే ఇంతసేపు ఉన్నాను. వాళ్ళకి థ్యాంక్స్ చెప్పాలి."

ఇన్‌స్పెక్టర్ పెన్ను మూసింది. మాస్క్ సరిచేసి, "ముందు పడుకో తల్లీ" అని వరండాలోకి వచ్చింది. కానిస్టేబుల్‌కు ఫోన్ చేసి, డైరెక్టర్ మీద హత్యాయత్నం సెక్షన్ రాయమంది.