సీలు తెగిన పిక్కల లోడు

"జోరుగా తోలరా ఎల్లాజీ!"

ఎచ్చెర్ల దాటిన మలుపులో ఆటో ఎగిరి పడుతుంది. దాలమ్మ తల రేకుకి కొట్టుకుంటుంది.

చేతుల్లో రెండు ఫోన్లు. వదలదు.

ఒకదాంట్లో లారీ జీపీఎస్. లారీ మడపాం టోల్‌గేట్ దాటి పలాస వైపు పోతోందట!

రెండోదాంట్లో ఇంకో చుక్క. అది ఇక్కడే... ఈ మట్టిరోడ్డు చివర... అరగంటగా కదలకుండా ఉంది!

ఆ చుక్క, కొడుకు త్రినాథ్ క్యారేజీ సంచి.

నిన్న వాడు విశాఖ పోర్టుకి బయల్దేరుతుంటే, పులిహోర గిన్నె కింద తన పాత ఫోను గుడ్డలో చుట్టి పెట్టింది. వాడికి చెప్పలేదు. చెబితే తీసి పారేస్తాడు.

"ఏటమ్మా, లారీ అక్కడ, అన్నం ఇక్కడానా?" ఆటో ఎల్లాజీ నవ్వబోతాడు. అద్దంలో ఆమె మొహం చూసి ఊరుకుంటాడు.

నలభై ఏడు రోజుల ఎదురుచూపు!

ఆఫ్రికాలో ఓడెక్కిన జీడిపిక్కలు. ఒక్క కంటైనర్. అది రాకపోతే పలాసలో ఆమె చిన్న ఫ్యాక్టరీకి ఈ ఏడాది పని లేదు. పొద్దున్నే మొహం కడగకుండా కంటైనర్ నంబర్ కొట్టి చూసుకునేది. కొలంబోలో ఓడ మారినప్పుడు పదకొండు రోజులు స్క్రీన్ మీద అక్షరం మారలేదు. మునిగిపోయిందనే ఏడ్చింది. గుళ్లో ఆ నంబర్ మీదే అర్చన చేయించింది. నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ, ఏడు అంకెలూ పంతులు గోత్రం చదివినట్టు చదివాడు.

ఇవాళ తొమ్మిదింటికి 'గేట్ అవుట్' అని పడింది. కంటైనర్ పోర్టు దాటింది.

పిక్కల లోడు వస్తుంటే లారీలో ఇంటిమనిషి ఒకరు కూర్చోవాలి. వాళ్ల ఇంట్లో మొదట్నుంచీ అదే పద్ధతి. అందుకే కొడుకుని పంపింది.

తనే పంపింది!

ఇంట్లో ఉండబట్టక శ్రీకాకుళం దాకా ఎదురొచ్చింది. పన్నెండింటి నుంచి త్రినాథ్ ఫోన్ స్విచాఫ్. డ్రైవర్ గంగులు కొత్తవాడు. ఎవడో... ఎలాంటివాడో...

పోలీసులకి ఫోన్ చేసేసింది. "నా కొడుకుని సంపేస్తన్నారు బాబూ!" ఆ చుక్క ఉన్న చోటూ పంపించింది.

"సచ్చిపోనాడు... నా కొడుకు సచ్చిపోనాడు..."

"ఊరుకోమ్మా! ఆకలేసి ఆగుంటారు."

ఆటో ఆగుతుంది.

రేకుల షెడ్డు. పక్కనే లారీ! కంటైనర్ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. సీలు తెగి నేల మీద పడి ఉంది. సగం బస్తాలు లేవు. వాటిని ఎత్తుకుపోయిన ఇంకో లారీ దుమ్ము ఇంకా గాల్లోనే ఉంది.

చక్రం పక్కన మనిషి... రక్తం!

"త్రినాథూ!"

పరుగెత్తి ఆ తల తిప్పుతుంది.

కాదు. గంగులు!

"నువ్వెందుకొచ్చినావే?"

వెనక గొంతు. ప్రాణం లేచొస్తుంది. త్రినాథ్! నిక్షేపంలా ఉన్నాడు.

చేతిలో ఇనపరాడ్డు.

"సీలు తెంపొద్దన్నానమ్మా... అంతే..." గంగులు మూలుగుతాడు.

దాలమ్మ రాడ్డు వైపు చూస్తుంది. దాని కొసన తడి.

"మన పిక్కలేరా! మన పిక్కలే అమ్మీసినావా?"

"నీ పిక్కలు! నాదేటున్నాది? బస్సెక్కితే ఫోను, దిగితే ఫోను. ఇరవయ్యారేళ్లొచ్చినా ఊపిరాడనివ్వవు. ఇది అమ్మీసి ఎటో ఎల్లిపోదామనుకున్నాను. దొంగలు కొట్టీసినారని సెప్తే అయిపోను. జీపీఎస్ పీకి ఇంకో బండికెట్టినాను. నువ్వెలా వచ్చినావే?"

దాలమ్మ రెండో ఫోన్ చీరకొంగులో దాచేస్తుంది.

సైరన్!

త్రినాథ్ మొహం పాలిపోతుంది. "పోలీసులా? ఎవులు పిలిసినారు?"

తనే!

వాడు రాడ్డు గబగబా చొక్కాతో తుడిచి గంగులు చేతి పక్కన పడేస్తాడు. జీపు ఆగేలోపే అరుస్తాడు.

"ఈడే సార్! దొంగల్ని ఈడే తెచ్చినాడు! నన్ను కొట్టబోతే లాక్కుని కొట్టినాను!"

ఎస్సై దాలమ్మ దగ్గరికొస్తాడు. "ఫోన్ చేసింది మీరేనామ్మా? ఎవరు చేశారిది?"

గంగులు ఆమెనే చూస్తున్నాడు. త్రినాథ్ కూడా.



"డ్రైవరే బాబూ."

గొంతు వణకలేదు. పొద్దుట్నుంచీ ఇదే మొదటిసారి.

గంగులు కళ్లు మూసుకుంటాడు. త్రినాథ్ ఆమె వైపు మళ్లీ చూడడు. చేతులు కడుక్కోడానికి బోరింగు దగ్గరికి నడుస్తాడు.

గంగుల్ని జీపులోకి ఎత్తుతుంటే అతని జేబులో ఫోన్ మోగుతుంది. కానిస్టేబుల్ తీసి చూస్తాడు. తెర మీద ఒక్కటే మాట... అమ్మ.

"మీరు మాటాడండమ్మా. ఆడమనిషి సెప్తే తట్టుకుంటాది."

వద్దనేలోపు ఫోన్ ఆమె చెవికి ఆనించేస్తాడు.

"గంగులూ... ఏ ఊరు దాటినావు నాయనా? పొద్దుట్నుంచీ నాకేటో బయంగా ఉన్నాది..."

దాలమ్మ పెదాలు కదులుతాయి.

"మాటాడు నాయనా... గంగులూ... ఉన్నావా?"