రూబెన్ కట్టిన గోడ

ఆ శనివారం పొద్దున డోర్కస్ పొయ్యి మీద ఓట్స్ గంజి కలుపుతూ కూతురితో అంది: "కెజయా, టీ చల్లారిపోతోందని మీ నాన్నతో చెప్పు."

నాన్న అక్కడే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నాలుగేళ్లుగా ఆ ఇంట్లో మాటలు ఇలాగే నడుస్తున్నాయి.

జేబెజ్ ఇంగ్లండులోని విలెన్‌హాల్‌లో తాళాలు చేసేవాడు. పదకొండేళ్ల వయసులో కొడుకు రూబెన్ పక్కింటివాళ్ల కార్ఖానాలోంచి ఇత్తడి తాళాలు దొంగిలించాడు. ఎవరూ చూడలేదు. జేబెజే వాడి చెవి పట్టుకుని పోలీసుల దగ్గరికి ఈడ్చుకెళ్లాడు. కొన్నాళ్లు జైలు, ఆ తర్వాత నాలుగేళ్లు, తప్పు చేసిన పిల్లల చేత పొలం పనులు చేయించే దిద్దుబాటు బడి అన్నాడు మేజిస్ట్రేటు. ఆ గడువు ఇవాళతో తీరిపోయింది.

"రూబెన్‌ని తీసుకురావడానికి వెళ్తున్నానని కూడా చెప్పవే," అంది డోర్కస్.

కెజయా నోరు తెరిచేలోపే జేబెజ్ చెంచా విసిరికొట్టాడు. "తాళాలు చేసేవాడి ఇంట్లో దొంగా? ఊరంతా నవ్విపోతుంది. వాడు ఈ గడప తొక్కడానికి వీల్లేదు!"

డోర్కస్ గరిటె కింద పెట్టి, నేరుగా భర్త మొహంలోకి చూసింది.

"నవ్వనీవయ్యా! వాణ్ణి అప్పగించిన రోజున ఊరంతా నిన్ను మెచ్చుకుంది. కడుపు నిండిందా? వాడు చేసింది తప్పే. నాలుగు తగిలించి పక్కింటాయన కాళ్ల మీద పడేయాల్సింది. జైలుకి పంపావు. పంపి, ఒక్కసారైనా చూడ్డానికి పోలేదు. ఇవాళ నువ్వు నాతో వస్తున్నావు. రాకపోతే ఈ ఇంటికి వాడూ రాడు, నేనూ రాను."

"అమ్మ నీతో మాట్లాడింది నాన్నా," అంది కెజయా.

జేబెజ్ లేచి కోటు తొడుక్కున్నాడు.

భార్యాభర్తలిద్దరూ రైలు దిగి చాలా దూరం నడిచారు. బడి గేటు దాటి మలుపు తిరగ్గానే ఇద్దరి కాళ్లూ ఆగిపోయాయి. డోర్కస్ మొదటి ఏడాది వచ్చి చూసినప్పుడు ఆ కొండ నిండా రాళ్లూ ముళ్లపొదలే. ఇప్పుడక్కడ బార్లీ పైరు గాలికి అలలు అలలుగా ఊగుతోంది. చేను పొడవునా ఒక రాతిగోడ కొండెక్కుతోంది. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి అంతే. జేబెజ్ ఒక సందులో గోరు దూర్చబోయాడు. దూరలేదు.

"ఎవరు కట్టారిది?" అన్నాడు, ఎవరినీ ఉద్దేశించకుండా.

"మేమే నాన్నా. ఈ వరస మాత్రం నేనొక్కణ్ణే."

వెనక్కి తిరిగితే రూబెన్. తండ్రి కంటే పొడుగయ్యాడు. అరచేతులు కాయలు కాచి ఉన్నాయి. డోర్కస్ వాణ్ణి వాటేసుకుని ఎంతసేపటికీ వదల్లేదు.

తర్వాత వాడు తండ్రి వైపు చూశాడు. "మొదట్లో రాయి ఎత్తినప్పుడల్లా నిన్ను తిట్టుకునేవాణ్ణి. ఇక్కణ్ణించి ఆ ముళ్లచెట్టు దాకా అన్నీ నిన్ను తిట్టిన తిట్లే."

"ఆ తర్వాత?"

"గోడ ఎక్కడ కూలిపోతుందోనన్న ధ్యాసలో పడి తిట్టడం మర్చిపోయాను. ఎప్పుడు మర్చిపోయానో నాకే తెలీదు."

జేబెజ్ రాళ్లను చేత్తో తడుముకుంటూ నడిచాడు. ఆ ముళ్లచెట్టు ఎంతకీ దగ్గరికి రాలేదు. చివరికి అక్కడికి చేరాక గోడకి నుదురు ఆనించి భోరుమన్నాడు.

"నిన్ను అప్పగించింది బాగుచేద్దామని కాదురా. నన్ను కూడా దొంగంటారని భయపడ్డాను. నా పేరు కోసం నిన్ను వదిలేశాను."

"దొంగతనం చేసింది నేనే కదా నాన్నా." రూబెన్ తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. "పద, అటువైపు ఇంకా ఉంది."

ఆయన్ని ఎవరైనా చెయ్యి పట్టుకుని నడిపించడం డోర్కస్ ఎన్నడూ చూడలేదు. ముగ్గురూ కొండ నెత్తికెక్కారు. అవతల గోడ లోయలోకి దిగి, వాగు దాకా పోయి, వాగు దాటి మళ్లీ ఎదుటి కొండెక్కి, ఆకాశం అంచున సన్నటి గీతలా కనిపిస్తోంది. అదంతా పిల్లలు కట్టింది. ఎవరికీ అక్కర్లేదని ఊళ్లు వెళ్లగొట్టిన పిల్లలు.

జేబెజ్ చర్చిలోకి అడుగుపెట్టినవాడిలా మెల్లగా టోపీ తీసి, అలాగే నిలబడిపోయాడు.