టేకు తల్లి పుట్టిల్లు

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో ఎగిరే గుర్రాలూ మాట్లాడే చిలకలూ లేవు. అవే కావాలనుకునేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళండి, నేనేమీ అనుకోను. కూర్చున్నవాళ్ళు మాత్రం మధ్యమధ్య "ఆ తర్వాత ఏమైంది" అని నా ప్రాణం తీయకూడదు.

సముద్రపు ఒడ్డున వేలాపురి అనే రాజ్యం ఉండేది. అక్కడ నది సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. మోకాలి లోతు నీళ్ళు, అడుగున మెత్తటి ఇసుక. రాజ్యమంతటికీ ఆ మొగలో దొరికే చేపలే తిండి. అలాంటి నీళ్ళకు ఒక ఏడు శాపం తగిలింది. అందులో దిగిన మనిషి పాదాలు ఇసుకగా మారి దిగినచోటే పాతుకుపోయేవి. పోటు వచ్చినప్పుడల్లా ఆ ఇసుక ఒంటి మీదికి పాకేది. ఏడో పోటుకు మనిషంతా ఇసుకబొమ్మ అయ్యేవాడు. ఆ పోటే బొమ్మను కరిగించి తీసుకుపోయేది. అలా పదకొండుమంది పోయారు. ధవళకేతు మహారాజు మంత్రగాళ్ళను పంపాడు. ఆ పదకొండుమందిలో ముగ్గురు వాళ్ళే. దాంతో మొగలో ఎవరూ దిగకూడదని చాటింపు వేయించి రాజుగారు చేతులు దులుపుకున్నారు. ఆకలి చాటింపులు వింటుందా? ఇళ్ళలో పొయ్యిలు ఆరిపోయాయి.

ఆ ఊళ్ళో దానయ్య అనే వలవేటగాడికి తల్లిలేని కూతురు కొర్లమ్మ ఒక్కతే. పిల్ల మూడు రోజులుగా గంజినీళ్ళతో పడుకోవడం చూడలేక దానయ్య ఒకనాటి పొద్దున్న వల భుజాన వేసుకుని మొగలో దిగాడు. నాలుగడుగులు వేశాడో లేదో, కాళ్ళు కదల్లేదు.

కొర్లమ్మ పరుగెత్తుకొచ్చింది.

"నీళ్ళలోకి రాకు అమ్మీ," అన్నాడు దానయ్య. "ఇది నాను సేసిన పాపమే."

నీళ్ళలో నిలబడే అతను సంగతంతా చెప్పాడు. పోయిన ఏడు అతని వలలో పెద్ద టేకు చేప పడింది. టేకు అంటే మీకు తెలుసుగా, చేటంత చదునుగా ఉంటుంది. కళ్ళు వీపు మీద, నోరు పొట్ట కింద. కొరడాలాంటి తోక, దాని మీద రంపపు పళ్ళున్న విషపు ముల్లు. ఆ ముల్లు దిగితే మగవాళ్ళు కూడా ఇసుకలో పడి దొర్లుతారు. అందుకే ఆ తీరంలో టేకు ఒడ్డున పడగానే ముందు తోక నరికేస్తారు. దానయ్యా నరికాడు. అది నిండుచూలాలు. ఆ భయానికి అక్కడే ఇసుక మీద ప్రసవించింది. తమలపాకు చిలకల్లా రెక్కలు చుట్టుకుని మూడు పిల్లలు బయటపడ్డాయి. చేప అన్నాక లక్షల గుడ్లు పెడుతుంది, మూడు పోతే ఏమిటి అనుకుని దానయ్య వల సర్దుకునే పనిలో పడ్డాడు. పిల్లలు ఎండకు ఎండిపోయాయి. తోక తెగిన తల్లి మాత్రం ఎలాగో జారి నీళ్ళలో పడింది.

"నీళ్ళు పదడుగుల దూరమే అమ్మీ. ఒంగి ఆటిని నీళ్ళలో ఏస్తే బతికిపోయీవి. నాను ఒంగలేదు."

కొర్లమ్మకు తండ్రి మీద కోపమూ జాలీ ఒక్కసారే వచ్చాయి. ఇంటి చూరులో ఆ తోక ఇంకా గుచ్చి ఉంది. దాన్ని తీసుకుని నీటి అంచున నిలబడి టేకు తల్లిని పిలిచింది. ఎదురుగా ఇసుక కదిలి రెండు కళ్ళు పైకి లేచాయి. ఆ కళ్ళ వెనకే రెండు రంధ్రాలు, వాటిలోంచి నీళ్ళు లోపలికి పోతున్నాయి. ఇసుకలో కూరుకుని ఉన్నప్పుడు టేకు ఊపిరి పీల్చేది వాటితోనే.

"లచ్చల గుడ్లు నాకెక్కడివే?" అంది టేకు తల్లి. "కాన్పుకు రెండో మూడో పిల్లలు. కడుపులోనే పాలూరించి పెంచుతాను. అలాటి పిల్లలు ముగ్గురూ పోతే నన్ను పలకరించడానికి ఎవులూ రాలేదు. మీ ఇళ్ళలో పిల్ల పోతే పుట్టింటోళ్ళు రారా? కళ్ళు తుడవరా? పుట్టిన రోజే ఎవుల దారి ఆళ్ళది మాకు. నా పుట్టిల్లేదో నాకే తెలీదు. ఈ మొగలో ఉన్న టేకులన్నీ మీ వలల్లోనే పోయినాయి. పలకరింపు లేని ఏడుపు ఆగదు. అదే ఈ నీళ్ళకు సాపం. నా పుట్టింటోళ్ళని తీసుకురా, మీ అయ్యని ఒగ్గేస్తాను."

ఆ మాట అని ఆమె ఒక్కసారి వెల్లకిలా తిరిగింది. తెల్లటి పొట్ట మీద నోటికి ఇటు అయిదు, అటు అయిదు మొప్పల చీలికలు కనిపించాయి. వెంటనే ఇసుకలో మునిగిపోయింది.

కొర్లమ్మ ముందు మడ అడవిలో తపస్సు చేసే ముని దగ్గరికి పోయింది. టేకు చేపది ఏ ఇల్లని అడిగింది. ముని కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించి తనకు తెలియదన్నాడు. నాభి దాకా గడ్డం పెంచినవాడికి ఆ మాత్రం తెలియొద్దూ! అయినా ఊరికే పంపలేదు, నాలుక కింద పెట్టుకుంటే నీటిలో ఊపిరి ఆడే మడాకు ఒకటి ఇచ్చాడు.

"పైరూపం చూసి చుట్టరికం కలపకు తల్లీ," అన్నాడు. "ఒంట్లో ఏముందో చూడు. ఊపిరి ఎలా తీసుకుంటుందో చూడు."

కొర్లమ్మ ఆ మాట సగమే విని సముద్రంలో దూకింది. దూకి నేరుగా నాలుకచేపల దగ్గరికే పోయింది, అవీ ఇసుకలో చదునుగా పడుకుంటాయి కదా అని. అవి నవ్వాయి. తాము పక్కకు ఒరిగి పడుకునే చేపలమనీ, అందుకే రెండు కళ్ళూ ఒకే పక్కకు జరిగాయనీ, టేకు పొట్ట ఆన్చి పడుకుంటుంది కనుక తమకేమీ కాదనీ చెప్పాయి. ఆ నవ్వులయ్యేసరికి రెండు పోట్లు గడిచాయి.

అక్కడి నుంచి వంజరం చేపల రాణి కొలువుకు వెళ్ళింది. రాణి ఆ టేకు తోకను వంచి చూసింది. మన చెవి డిప్పలా వంగింది గానీ ఎముక జాడ లేదు. ఎముకలేనిది తమ ఇంటి చేప ఎలా అవుతుందని పంపేసింది. పిల్లల్ని కంటుంది కదా అని తిమింగలాన్ని అడిగితే, తాము పైకి వచ్చి గాలి పీలుస్తామని, నీళ్ళు పీల్చేదానితో తమకు సంబంధం లేదని తిమింగలం తన దారిన పోయింది. అప్పటికి అయిదు పోట్లు అయిపోయాయి.

కొర్లమ్మ సముద్రం అడుగున కూలబడి ఏడ్చింది. ఇక అడగడానికి ఎవరూ మిగల్లేదు. నాన్న ఛాతీ దాకా ఇసుకై ఉంటాడు. కనీసం ఒంటరిగా పోనివ్వకూడదు, పక్కన నిలబడి తానూ ఇసుకైపోవాలి అనుకుంది. అలా అనుకుని ఇంటిదారి పట్టింది.

దారికి అడ్డంగా కరాళుడు వచ్చాడు. కరాళుడంటే ఓడలనే కొరికిన సొరచేప రాక్షసుడు. కొర్లమ్మకు భయం కూడా వేయలేదు.

"తింటే తిను గానీ బేగి తిను," అంది. "మా అయ్య కాడికెల్లాలి నాను."

తినేశాక ఎలా వెళతావని రాక్షసుడు పకపకా నవ్వాడు. నవ్వుతూంటే అతని మెడకు రెండు పక్కలా చీలికలు తెరుచుకున్నాయి. ఇటు అయిదు, అటు అయిదు. కొర్లమ్మకు మునిమాట అప్పుడు పూర్తిగా వినబడింది. చెయ్యి చాచి రాక్షసుడి చర్మం తడిమింది. ఆకురాయిలా గరుకు, అచ్చం తోక మొదట్లో ఉన్న గరుకే.

"నీ ఒంట్లో ఎముకుందా?" అని అడిగింది.

"లేదు. మా ఇంట ఎవరికీ ఉండదు. నీకెందుకు?"

ఆమె టేకు తోకను అతని మూతి ముందు పెట్టి జరిగిందంతా చెప్పింది. కరాళుడు తోకను వాసన చూసి, మూతితో నెమ్మదిగా వంచి చూశాడు. తాతల తాతలనాడు తమ ఆడపడుచు ఒకతె ఇసుకలో బతుకుతానని వెళ్ళిపోయిందని, అక్కడ ఉండి ఉండి చదునైపోయిందని విన్నామని, ఆమె సంతతి ఉందో పోయిందో ఎవరూ కనుక్కోలేదని చెప్పాడు. తనకు మాత్రం మోకాలి లోతులో పొట్ట నేలకు ఆనుతుందనీ, పోటు తీస్తే అక్కడే ఎండి చస్తాననీ అన్నాడు. కొర్లమ్మ బతిమాలలేదు. "మూడు పసిబిడ్డలు కూడా అక్కడే ఎండిపోయినారు," అంది అంతే. కరాళుడు ఆమెను వీపు మీద ఎక్కించుకున్నాడు.

ఏడో పోటు మొదలయ్యేసరికి దానయ్యకు గడ్డం దాకా ఇసుకే. ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తోంది. కరాళుడు పొట్ట ఈడ్చుకుంటూ, చర్మం చీరుకుపోతూ, పోటుతో పాటు మొగలోకి వచ్చాడు.

"చెల్లీ, పిల్లలు పోయారటగా," అన్నాడు. "మాకు తెలియలేదమ్మా. ఆలస్యంగా వచ్చాను."

టేకు తల్లి ఇసుకలోంచి లేచి అతని మూతికి ఆనుకుని ఏడ్చింది. ఏడాదిగా ఆగని ఏడుపు అప్పుడు ఆగింది. దానయ్య ఒంటి మీది ఇసుక పెళ్ళలుగా రాలింది. తోక నరికిన కుడిచెయ్యి మాత్రం ఇసుకచెయ్యిగానే ఉండిపోయింది. కరిగిపోయిన పదకొండుమందీ తిరిగి రాలేదు. వాళ్ళ ఇళ్ళవాళ్ళు ఒడ్డున అలాగే నిలబడ్డారు.

ఇంతలో పోటు తీయడం మొదలైంది. కరాళుడు కదల్లేకపోయాడు. ఇసుక మీద పడి నోరు తెరుస్తున్నాడు. లోతునీళ్ళు పదడుగుల దూరంలో ఉన్నాయి. రాక్షసుడి దగ్గరికి ఎవరు వెళతారు? దానయ్య వెళ్ళాడు. ఈసారి ఒంగాడు. ఉన్న ఒక్క చెయ్యీ భుజమూ ఆనించి నెట్టాడు. కొర్లమ్మ వచ్చింది, ఆ తర్వాత ఊరంతా వచ్చింది. చివరికి కరాళుడు లోతులో పడి, చెల్లెలికి చెప్పి వెళ్ళాడు.

రాజు సిగ్గుపడి మొగ మీద అధికారమంతా కొర్లమ్మకు రాసిచ్చాడు. ఆమె చేసిన శాసనాలు రెండే. చూలు టేకును పట్టకూడదు. మొగలో దిగినవాళ్ళు కాళ్ళు ఎత్తి వేయకూడదు, ఇసుకలో ఈడుస్తూ నడవాలి. ఒకరింటికి వెళితే గుమ్మంలో పిలిచి వెళ్ళమూ? అలా ఈడిస్తే టేకుకు ముందే తెలిసి తప్పుకుంటుంది, ముల్లు గుచ్చదు.

రెండేళ్ళ తర్వాత ఒకనాడు దానయ్య ఒంటిచేత్తో వల పట్టుకుని, కాళ్ళు ఈడ్చుకుంటూ మొగలో నడుస్తున్నాడు. పాదం పక్కన ఇసుక కదిలింది. అరచేతులంత టేకు పిల్లలు మూడు పైకి లేచి అతన్ని చూశాయి. దానయ్య వాటివైపు ఒంగాడు.

"ఎవులింటి పిల్లలమ్మా మీరు?" అని అడిగాడు.

"సొరవారి ఆడపడుచు పిల్లలం," అన్నాయి అవి.

దానయ్య వల ఒడ్డుకు విసిరేసి, వాళ్ళు దాటి వెళ్ళేదాకా అక్కడే నిలబడ్డాడు.