కిటికీకి మేకులు

గడియారాల సందు చివర, మెట్ల కింద ఉన్న గదికి మంచి పేరు లేదు. అందులో కూర్చుని పనిచేసేవాడి చెయ్యి ఎవరో పట్టుకుంటారని చెప్పుకునేవారు.

పట్టుకునేది భూతద్దం తాత. కంటికి భూతద్దం బిగించుకుని పదిహేనేళ్ళు ఆ గదిలోనే గడియారాలు బాగుచేశాడు. చివర్లో ఆయన చేతులు వణికేవి. ఎవరైనా వస్తే బల్ల చాటుకు నక్కేవాడు. ఒక చలికాలం సాయంత్రం ఆ బల్ల మీదే తల వాల్చి పోయాడు. అప్పట్నుంచీ కిటికీలోంచి వచ్చి, పని చేసే చెయ్యి వెతుక్కుంటాడని...

ఆ గదే మా తమ్ముడు అద్దెకు తీసుకున్నాడు. వాడిదీ గడియారాల పనే.

"వస్తే రానీ అక్కా, టైమెంతో చెప్పి పంపిస్తా," అని నవ్వాడు.

నవ్వాడే గానీ — మొదటి రోజే కిటికీకి మేకులు కొట్టాడు. సందుల్లో గుడ్డలు కుక్కాడు. చలికి కాళ్ళ దగ్గర హీటరు పెట్టుకున్నాడు.

ఏడాది బాగానే గడిచింది. ఆ తర్వాతిది మా మరదలు చెప్పగా కొంత విన్నాను, కొంత చూశాను.

ముందు వాడికి నిద్ర పట్టడం మానేసింది. తర్వాత నోట్లో ఏదో ఇనుప చేదు. ఆ తర్వాత కుడిచెయ్యి... నూకంత మరను బిగించే చెయ్యి, టీ గ్లాసు పట్టలేకపోయింది.

"తాగుతున్నాడేమో వదినా," అంది మరదలు గుసగుసగా. "నిద్రలో నోరు వాసన చూశాను."

"వచ్చిందా?"

"రాలేదు. అందుకే ఇంకా అనుమానం."

మొదటి డాక్టరూ అదే అడిగాడు, ఎన్నాళ్ళ నుంచి తాగుతున్నావని. రెండో ఆయన తలకు స్కాన్ తీయించి, ఏమీ లేదన్నాడు. మూడో ఆయన అంతా మనసులోనే ఉందని నిద్రమాత్రలు రాశాడు. ఇల్లు నడిచేది ఆ చేతి మీద. దానికేమైందో చెప్పేవాడే లేడు.

ఒకరోజు కొట్టుకు వెళితే తమ్ముడు కనబడలేదు. చూద్దును గదా — బల్ల చాటున ఒదిగి కూర్చున్నాడు.

"అక్కా," అన్నాడు మెల్లగా. "నా వేళ్ళ మీద ఇంకెవరివో వేళ్ళున్నాయి."

నాలుగోసారి నరాల డాక్టరమ్మ దగ్గరికి నేనూ తోడు వెళ్ళాను. ఆవిడ చాలాసేపు వింది.

"వణుకు సరిగ్గా ఎప్పుడు మొదలైంది?"

"నాకు గుర్తులేదు. గడియారాలకు గుర్తుంటుంది," అన్నాడు తమ్ముడు.

ఈ పనివాళ్ళకొక అలవాటుంది. గడియారం బాగుచేసినప్పుడల్లా మూత లోపలివైపు సూదిమొనతో తమ అక్షరం, తేదీ గీస్తారు. తాత రోజుల నుంచీ ఆ గదిలోనే బాగుచేయించుకుంటున్న నా చేతి గడియారం తీసిచ్చాను. వాడు చాకు పట్టలేకపోతే, వాడు చెబుతుంటే డాక్టరమ్మే మూత తెరిచింది.

పైన తాత గుర్తులు. మొదటిది వెంట్రుకలా తిన్నగా ఉంది. చివరిది చీమ పాకినట్టు. వాటి కింద మా తమ్ముడివి. మొదటిది తిన్నగా... రెండోది —

యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, రాని గీతకూ వణికే గీతకూ తేడా నాకు తెలుసు. తాత చివరి గీత, తమ్ముడి చివరి గీత, ఒకే చెయ్యి గీసినట్టున్నాయి.

తమ్ముడు ఆ గీత మీద వేలు పెట్టాడు. "చూశావా అక్కా. అది గీసింది నేను కాదు."

డాక్టరమ్మ మూత వంకే చూస్తోంది. "ఆయనా మీరూ ఒకే గదిలోనా?"

"ఒకే బల్ల."

"ఆయనకు ముందు అక్కడ ఏముండేది?"

అది నాకు గుర్తుంది. "థర్మామీటర్లు చేసేవాళ్ళు తల్లీ."

ఆవిడ కలం కింద పెట్టింది. మళ్ళీ తీసి రక్తానికీ మూత్రానికీ పరీక్షలు రాసి, "ఆ గదిలోకి ఇక వెళ్ళకండి," అంది.

వెళ్ళొద్దంది. అక్కడేముందో చూడకుండా ఉండలేక వెళ్ళాం. పొద్దు గూకింది. బల్ల జరిపి, నేల మీది చెక్క ఒకటి లేపి తమ్ముడు టార్చి వేశాడు.

లోపల కళ్ళు... పదులకొద్దీ, మెరుస్తూ, మా వైపే.

తమ్ముడు స్క్రూడ్రైవర్ మొనతో ఒక కంటిని పొడిచాడు. అది రెండయింది. రెండూ దొర్లుకుంటూ చీకట్లోకి పోయాయి.

"పాదరసం," అన్నాడు. "థర్మామీటర్లలోంచి ఒలికింది. తాత కాదక్కా. ఆయన్నీ పట్టుకుంది ఇదే."

పరీక్షల్లోనూ అదే తేలింది. హీటరు వేడికి నేలలోంచి ఆవిరి లేస్తుందట. కిటికీ తెరిచుంటే చాలావరకు బయటికి పోయేదట. మేమేమో దెయ్యం రాకుండా మేకులు కొట్టి, దాన్ని లోపలే పెట్టుకుని కూర్చున్నాం.

జబ్బు పేరు విని తమ్ముడు ఏడ్చాడు. మరదలు అంతకంటే ఎక్కువ ఏడ్చింది, వాసన చూసినందుకు. ఏడాది మందులు వాడాక, వేరే కొట్లో కూర్చుని, నా గడియారం మూతలో కొత్త గుర్తు గీశాడు. తిన్నగానే ఉంది... ఇంచుమించు.

గదంతా శుభ్రం చేయించానని దాన్ని అద్దెకిచ్చినాయన చెప్పాడు. నమ్మాం.

మొన్న చలికాలం, దీపాలు పెట్టే వేళ అటు వెళుతుంటే ఆ గదిలో వెలుతురు కనిపించింది. కిటికీకి కొత్త మేకులు. తలుపు తట్టాను. బెత్తెడు తెరిచి, ఒక అమ్మాయి అనుమానంగా చూసింది. వెనకాల నేల మీద అవే చెక్కలు. బల్ల మీద సగం కుట్టిన పూల అంచు, కింద హీటరు.

"కిటికీకి మేకులెందుకమ్మా?"

"చెయ్యి పట్టుకునే తాత వస్తాడటగా, పెద్దమ్మా," అంది గొంతు తగ్గించి.

ఆ పిల్ల చేతిలో సూది ఉంది. దారం కొస సూది బెజ్జం చుట్టూ తిరుగుతోంది... తిరుగుతోంది... లోపలికి పోవడం లేదు.