కోట కింద పూలచక్రం

"ఏజెంట్ నైన్! రేపు బళ్లారి కోట దగ్గర యుద్ధ స్మారకస్తంభం ఆవిష్కరణ. అక్కడ టైంబాంబు పెట్టబోతున్నారు. పెట్టేది ఓ అందగత్తె అని వినికిడి. మన రహస్యాలు శత్రు ముఠాకూ, వాళ్లవి మనకూ అమ్మిన డబుల్ ఏజెంట్. ముఖం ఎవరికీ తెలీదు."

"చనిపోయినవాళ్ల స్తంభం దగ్గరా, సార్?"

"ముందు వరసలో కూర్చునేది జవాన్ల తల్లులు. వాళ్లే ముఠా టార్గెట్. ఇక ఏ తల్లీ కొడుకును సైన్యానికి పంపకూడదని."

ఏజెంట్ నైన్, అసలు పేరు యేసుదానం, ఛీ అనుకుంటూ చీఫ్ గదిలోంచి బయటికొచ్చాడు.

మర్నాడు ఫోటోగ్రాఫర్ వేషంలో దిగాడు. కెమెరాలో పిస్టలు. చేతి గడియారంలో బాంబు టిక్కుటిక్కును పసిగట్టే యంత్రం. బండల గుట్ట మీద హైదరలీ నాటి కోట, కింద కందకం, దాని ఒడ్డున చైనా యుద్ధంలో పోయిన జవాన్ల పేర్లు చెక్కిన కొత్త స్తంభం. తెర తీయకముందే మెట్ల మీద ఎవరో తాంబూలం ఉమ్మారు. లౌడ్‌స్పీకర్లో సినిమాపాట. ఆ మోతలో గడియారం దేన్నీ పసిగట్టలేకపోయింది.

"శనక్కాయలు పచ్చివా?" అన్నాడు బుట్టవాడితో.

"కురుగోడువి సార్, వేయించినవే." కోడ్ సరిపోయింది. బుట్టవాడు డిపార్టుమెంటు మనిషి హొన్నూరప్ప. గొంతు తగ్గించాడు. "జాత్ర అనుకుంటాండారు సార్ నా కొడుకులు! సచ్చినోళ్ల పేర్లు సదివేటోడు ఒకడూ లేడు. థూ!"

ముందు వరసలో కరుణమ్మ కూర్చుంది. పోయిన జవాను దయాసాగర్ తల్లి. పక్కనున్న పడుచు ఒళ్లో పెద్ద పూలచక్రం.

"ఈ పాప సంగనకల్లు కృపమణి అంటప్పా. మా మాదిరే మిషన్ సంఘమంట. పెనిమిటి యుద్ధంలో పోయినాడంట. పొద్దున్నుంచి నా భుజం మీద తల పెట్టి ఒకటే ఏడుపు" అంది కరుణమ్మ, ఫోటో తీయబోయిన యేసుదానంతో.

ఇంతలో పాస్టరు ప్రార్థనకు లేచాడు. పాట ఆగింది. అందరూ కళ్లు మూసుకున్నారు. అలవాటుకొద్దీ యేసుదానమూ మూసుకున్నాడు.

మణికట్టు మీద గడియారం వణికింది!

కళ్లు తెరిచాడు. వరసనిండా పూలచక్రాలే. ఏది? కరుణమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుంది. సంఘం ఆడవాళ్లందరి తలల మీదా కొంగులే. కృపమణి తల మాత్రం బోసిగా ఉంది. కళ్లు తెరిచి రోడ్డు మీద ఆగిన కారు వైపు చూస్తోంది. సంఘంలో పెరిగిన ఏ ఆడమనిషి ప్రార్థనలో తల కప్పుకోదు?

యేసుదానం ఒక్క ఉదుటున పూలచక్రం లాక్కున్నాడు. ఆమె చేతిసంచిలోంచి పిస్టలు తీసింది. హొన్నూరప్ప బుట్ట ఎగిరొచ్చి దాన్ని పడగొట్టింది. యేసుదానం విసిరిన పూలచక్రం కందకంలో పడిందో లేదో, ఢాం! నల్లటి బురద తాటిచెట్టంత ఎత్తు లేచింది.

"చచ్చినవాళ్ల కోసం ఇంత కంగారా, మిస్టర్ నైన్?" నవ్వింది, బేడీలు పడుతుంటే.

"కొడుకు పోయిన తల్లి భుజం మీద తల పెట్టి, ఆమె పక్కనే బాంబా? ఛీ!" ఆమెను పట్టుకున్న చేతిని ప్యాంటుకు గట్టిగా రుద్దుకున్నాడు. అయినా అసహ్యం పోలేదు.

కరుణమ్మ చీరకంటిన బురద దులుపుకుని, కొంగు మళ్లీ తలమీదికి సర్దుకుని, అతని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"పాస్టరయ్య ఇంకా ఆమెన్ అన్లేదప్పా. ప్రార్థనలో కండ్లు తెరిసేదేంది? మూసుకో!"

తుపాకీకి బెదరని ఏజెంట్ నైన్ తక్షణం కళ్లు మూసుకున్నాడు.