తాళంకప్ప, దొంగగారు

"హార్న్ ఆపండి!" కారు అద్దం వెనక నుంచి అరిచాడతను.

హార్న్ ఆగింది. వైపర్లు మొదలయ్యాయి. సీటు దానంతటదే ముందుకు జరిగి అతని మోకాళ్లను స్టీరింగ్‌కి అదిమింది. తలుపుల తాళాలన్నీ టక్కున పడ్డాయి.

ఎదురుగా వానలో, గొడుగు కింద, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఒకమ్మాయి ముసిముసిగా నవ్వుతోంది. కొత్త కార్ల సాఫ్ట్‌వేర్‌లోకి దొంగదారిన దూరి లోపాలు పట్టుకోవడం ఆమె ఉద్యోగం. ఆఫీసంతా ఆమెను దొంగగారు అంటుంది. తలుపులనూ బ్రేకులనూ నడిపే కోడ్ రాసిన అతను తాళంకప్ప. ఆ పేరు కోడ్ వల్ల మాత్రమే రాలేదు, అతను నోరు విప్పడమూ అరుదు. కోడ్ రాసినవాడే పరీక్షనాడు డ్రైవర్ సీట్లో కూర్చోవాలన్నది అక్కడి ఆనవాయితీ.

"భయపడకండి, చక్రాలకి దిమ్మలు పెట్టించాను" కారు స్పీకర్లలో ఆమె గొంతు. "బ్రేక్ తొక్కండి."

తొక్కాడు. పాదం మెత్తగా లోపలికి పోయింది. బ్రేక్ పట్టలేదు.

"ఎలా దూరారు?"

"పాటల కోసం ఫోన్ కలుపుతారే, అక్కణ్నుంచి. బ్రేకుల దాకా దారి బార్లా తీసుంది. అన్నీ రెండోసారి సరిచూసే మనిషి, ఇదొక్కటే ఎలా వదిలేశారు?"

తన కోడ్‌ను ఇంత శ్రద్ధగా చదివినవాళ్లు ఎవరూ లేరు. సిగ్గు వేయాల్సిన చోట అతనికి వింతగా ఊరట కలిగింది. ఆ వెంటనే అక్క గుర్తొచ్చింది. సోమవారం బయటికొచ్చే మొదటి కారు అక్కది. వెనక సీట్లో పాటలు పెట్టమని మారాం చేసే మేనకోడలు.

ఆ దారి తన పరీక్షల కోసం తనే తెరిచాడు. మూయడం మరిచాడు. ఇప్పుడే, చడీచప్పుడు కాకుండా మూసేయొచ్చు. కానీ తయారై నిలబడ్డ కార్లన్నిటిలో అది తెరిచే ఉంది.

మేనేజర్‌కి ఫోన్ చేశాడు. "సార్, సోమవారం ఒక్క కారూ పంపొద్దు. తప్పు నాదే."

మేనేజర్ తిట్లు చెవిలో గింగిర్లు తిరుగుతుండగానే అక్కకి చేశాడు. "కారు ఆలస్యమవుతుందక్కా. నా కోడ్‌లో లోపం బయటపడింది."

"ఎవర్రా పట్టుకుంది?"

"ఆఫీసులో ఒకమ్మాయి."

"ఎవరూ, దొంగగారా? చేరిన రోజు క్యాంటీన్లో నవ్విందని, ఆ సాయంత్రమంతా పని సాగలేదని చెప్పావే, ఆ పిల్లేనా?"

"అక్కా, మెల్లగా..."

"ఒరే, నీ రాతంతా ఓపిగ్గా చదివిందంటే ఇంకేం కావాల్రా! కారు కోసం నేనాగుతాగానీ, నువ్వు మాత్రం ఆలస్యం చెయ్యకు!"

అప్పుడు వెలిగింది అతనికి. ఫోన్ ఇంకా కారుకే కలిపి ఉంది, కారులో ప్రతి మాటా ఆమెకు వినిపిస్తోంది. తలెత్తి చూశాడు. దొంగగారు ఇయర్‌ఫోన్లు మెల్లగా తీస్తోంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

తలుపుల తాళాలు టక్కున తెరుచుకున్నాయి. అతను దిగలేదు.

గొడుగు మడిచి ఆమే వచ్చి పక్క సీట్లో కూర్చుంది. "దారి మూయని సాయంత్రం, నేను చేరిన రోజు... ఒకటేనా?"

"ఒకటే."

"మరి రిపోర్ట్‌లో కారణం ఏమని రాయను?"

"నిర్లక్ష్యం అని."

"అబద్ధాలు రాయను. ధ్యాస మళ్లింది అని రాస్తాను."

"ఎటు మళ్లిందో కూడా రాస్తారా?"

"అది మీ నోటితో చెప్పాలి."

చెప్పాడు. తాళంకప్ప అన్ని మాటలు ఒకేసారి ఆడటం ఆ ఆఫీసు ఎన్నడూ చూడలేదు. వాన జల్లు లోపలికి కొడుతుంటే ఆమె తలుపు లాగింది.

"ఈసారి తాళం మీరే వెయ్యండి."

వేశాడు. అలవాటు కొద్దీ, రెండోసారి కూడా సరిచూశాడు.