ఎర్రమిట్ట కట్ట కింద దిష్టినీళ్లు

పాడుబావికి దెయ్యం పట్టాలంటే తరాలు పడుతుంది. పలమనేరు అవతల ఎర్రమిట్ట చెరువు కొత్త మట్టికట్టకు మాత్రం నీళ్లు నింపిన పదో రోజే పట్టింది. సర్కారు పనిలో అంత వేగం అంతకుముందు ఎవరూ ఎరగరు!

డెబ్భై ఎనిమిది నాటి మాట. కట్ట కింద ఊట దగ్గర రాత్రుళ్లు ఆడమనిషి మూలుగు... విన్నవాడు జ్వరంతో మంచం పట్టేవాడట.

కాపలా శాంతయ్యకు మాత్రం అటు పోక తప్పదు. పడక కట్టమీది గుడిసెలోనే. పూటకోసారి ఊటనీళ్లు సీసాలో పట్టాలి. తేటగా వస్తే భయం లేదు, మట్టితో వస్తే కట్ట లోపల్నించి కరుగుతున్నట్టే — పాత ఇంజనీరు చెప్పిన మాట. పదడుగులు నింపి, వారం ఆగి చూసి, మళ్లీ నింపమన్నాడు కూడా. ప్రారంభోత్సవం ముంచుకొస్తోంది కదా, ఆగమన్న ఆయన్నే బదిలీ చేసి పారేశారు.

కట్ట దిగువనే శాంతయ్య పల్లె. పురిటికొచ్చిన కూతురికి దెయ్యం గాలి సోకకూడదని భార్య తాయమ్మ రోజూ సందెవేళ పసుపు, సున్నం కలిపిన ఎర్రటి దిష్టినీళ్లు ఊటలో పోసి వచ్చేది.

ఓ రోజు పగలు సీసాలో ఎరుపు చూసి ఓవర్సీరు రామచంద్ర పగలబడి నవ్వాడు.

“మీ ఆడామె పోసిన దిష్టినీళ్లే గదప్పా! తేట అని రాసుకో.”

శాంతయ్య రాసుకున్నాడు. చదువుకున్నాయన చెబితే ఎరుపైనా తేటే.

ఆ రాత్రి లాంతరుతో దిగాడు. మూలుగు... గొంతు పెరిగింది. కళ్లు మూసుకుని సీసా ముంచి, వెనక్కి చూడకుండా ఇంటికి పరిగెత్తాడు.

“నీళ్లు రకతం మాదిరి ఉండాయే...” గుసగుసలాడాడు. “ఈ పొద్దు ఎన్ని చెంబులు పోసినావే?”

తాయమ్మ తెల్లబోయింది. “నేనా? బిడ్డకు నొప్పులొచ్చేట్టుండాయని నిన్నట్నించి గడపే దాటలేదే...”

దీపం పక్కన సీసాలో నీళ్లు మెల్లగా తేరుకున్నాయి. అడుగున బొటనవేలు మందాన — ఎర్రమన్ను.

శాంతయ్య దిగ్గున లేచాడు. పగలు “తేట” అని రాసింది తన చెయ్యే!

కంచం బాదుకుంటూ వీధుల్లో పడ్డాడు. “లేయండ్రా! మిట్టెక్కండి!” కూతుర్ని మంచంతోనే మోశారు.

చివరి మనిషి ఎక్కేసరికి మూలుగు టక్కున ఆగింది... ఆ వెనకే నీళ్లు విరుచుకుపడ్డ చప్పుడు.

తెల్లారేసరికి కట్టా లేదు, పల్లే లేదు. మిట్టమీద పుట్టిన మనవరాలు గుక్కపట్టి ఏడుస్తోంది.

విచారణకొచ్చిన పెద్దల ముందు రామచంద్ర చేతులు కట్టుకుని ఒకే మాట చెప్పాడట.

“దిష్టి తగిలినాది సార్.”